ఏది వైద్యమో, ఏది కాదో

అమెరికాలో తలనొప్పి మాత్రల డబ్బా పదేళ్లలో మూడు అవతారాలెత్తింది. 2010 డిసెంబర్ 31 వరకు దాన్ని ఆరోగ్య పొదుపు ఖాతా సొమ్ముతో, పన్ను బెడద లేకుండా కొనుక్కునే వీలుండేది. మర్నాటి నుంచి డాక్టర్ చీటీ లేకపోతే అదే డబ్బా 'వైద్యం' లెక్కలోంచి జారిపోయింది. 2020 మార్చిలో కరోనా సహాయ చట్టం వచ్చింది. ఆ ఏడాది జనవరి 1 నుంచే వర్తించేలా, చీటీతో పనిలేకుండా, ఆ డబ్బా మళ్లీ వైద్యమైపోయింది. ఈ పదేళ్లలో మాత్రలోని మందు మారలేదు. తలనొప్పీ మారలేదు. మారింది చట్టం.

ఏది జబ్బు, ఏది చికిత్స, ఏది సోకు అన్నది తేల్చేది డాక్టర్లేనని చాలామంది నమ్మకం. హెల్త్ సేవింగ్స్ అకౌంట్ (హెచ్ఎస్ఏ) ఉన్న అమెరికన్‌కు మాత్రం డాక్టర్ మాట సగమే. మిగతా సగం ఇంటర్నల్ రెవెన్యూ సర్వీస్ అనే పన్నుల శాఖది. ఆ శాఖ గీసిన గీతకు ఇవతల ఉంటే రాయితీ, అవతల ఉంటే పన్నుతోపాటు జరిమానా. అక్కడ కొలువులు చేస్తున్న తెలుగు కుటుంబాలు కూడా ఈ గీత దగ్గరే తడబడుతుంటాయి. ముఖ్యంగా గుంటూరులోనో, వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నల ఆసుపత్రి బిల్లు కట్టాల్సి వచ్చినప్పుడు.

మూడంచెల రాయితీ

2003 డిసెంబర్ 8న అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ సంతకం చేసిన మెడికేర్ చట్టంతో ఈ ఖాతాలు పుట్టాయి. 2004 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 1996 చట్టం కింద ఇలాంటి ఖాతాలను పరిమిత సంఖ్యలో ప్రయోగాత్మకంగా నడిపి చూశారు. వెనకున్న ఆలోచన తేలికైనదే. పెద్ద జబ్బుకు బీమా ఉండాలి, చిన్నాచితకా ఖర్చులు మాత్రం సొంత జేబులోంచి పోవాలి. అప్పుడు మనిషి ధర అడుగుతాడు, అక్కర్లేని పరీక్షలు వద్దంటాడు. మార్కెట్‌ను నమ్మే రిపబ్లికన్లకు నచ్చిన సిద్ధాంతమిది.

అందుకే ఈ ఖాతా అందరికీ దొరకదు. ఏడాదిలో మొదటి కొంత ఖర్చును రోగే భరించాల్సిన 'హై డిడక్టబుల్' బీమా ఉన్నవారికే అర్హత. 2026లో సాధారణ నిబంధన ప్రకారం ఆ మొదటి ఖర్చు ఒంటరి వ్యక్తికి కనీసం 1,700 డాలర్లు, కుటుంబానికి 3,400 డాలర్లు ఉండాలి. టీకాలు, ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షల వంటి ముందుజాగ్రత్త సేవలకు ఈ షరతు అడ్డురాదు. ఖాతాలో వేసుకోగలిగే సొమ్ముకూ పరిమితి ఉంది. 2026కు వ్యక్తికి 4,400 డాలర్లు, కుటుంబానికి 8,750 డాలర్లు. 55 ఏళ్లు నిండినవారు మరో 1,000 డాలర్లు వేసుకోవచ్చు.

రాయితీ మూడంచెల్లో వస్తుంది. వేసే డబ్బుపై ఆదాయ పన్ను ఉండదు. ఖాతాలో పెరిగే వడ్డీ, లాభాలపై పన్ను ఉండదు. వైద్యానికి తీస్తే అప్పుడూ ఉండదు. ఫెడరల్ పన్ను చట్టంలో ఒకే ఖాతాకు ఈ మూడూ కలిసిరావడం అరుదు. రాష్ట్రాల లెక్క వేరు. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న కాలిఫోర్నియా, న్యూజెర్సీలు తమ రాష్ట్ర పన్నులో ఈ రాయితీని గుర్తించవు.

ఏడాది చివరికి ఖర్చుచేయని సొమ్ము చాలావరకు చేజారే ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్‌కూ దీనికీ తేడా ఇక్కడే. హెచ్ఎస్ఏ సొమ్ము ఉద్యోగిదే. ఉద్యోగం మారినా, మానేసినా వెంటే వస్తుంది.

జాబితాలో ఎవరికి చోటు

ఖాతా సొమ్ము దేనికి ఖర్చుపెట్టవచ్చన్న ప్రశ్నకు హెచ్ఎస్ఏ చట్టం కొత్తగా జవాబు వెతకలేదు. వైద్య ఖర్చుల మినహాయింపు కోసం ఆదాయ పన్ను చట్టంలో అప్పటికే ఉన్న నిర్వచనాన్ని అరువు తెచ్చుకుంది. ఆ మినహాయింపు 1942 నాటిది. జబ్బును కనిపెట్టడానికి, నయం చేయడానికి, తగ్గించడానికి, రాకుండా ఆపడానికి లేదా శరీరంలోని ఏదైనా అవయవం పనితీరును సరిచేయడానికి పెట్టే ఖర్చే వైద్యం. ఒంటికి మంచిదన్న ఒక్క కారణంతో చేసే ఖర్చు వైద్యం కాదు.

ఈ సూత్రం ప్రకారం డాక్టర్ ఫీజు, ఆసుపత్రి బిల్లు, చీటీ మీద కొన్న మందులు, రక్తపరీక్షలు, పళ్ల చికిత్స, కళ్లజోళ్లు, కాంటాక్ట్ లెన్సులు, వినికిడి యంత్రాలు అన్నీ లోపలే. కంటికి చేసే లేజర్ శస్త్రచికిత్స, సంతాన సాఫల్య చికిత్స, మానసిక వైద్యం, ఆక్యుపంక్చర్ కూడా లోపలే. ఇన్సులిన్‌కు ఎప్పుడూ చీటీ అక్కర్లేదు. చూపులేనివారికి దారిచూపే కుక్కను కొనే ఖర్చే కాదు, దాని తిండి ఖర్చు కూడా వైద్యమే. చక్రాల కుర్చీ కోసం గుమ్మం ముందు కట్టించే వాలుదారి కూడా అంతే. చికిత్స కోసం సొంత కారులో వెళితే 2025లో మైలుకు 21 సెంట్ల చొప్పున లెక్కకట్టుకునే వీలిచ్చారు.

బయటపడ్డ జాబితా ఇంకా ఆసక్తికరం. జుట్టు నాటించుకోవడం, పళ్లు తెల్లబరుచుకోవడం, టూత్‌పేస్టు, గర్భిణుల దుస్తులు, ఈత పాఠాలు, అంత్యక్రియలు వైద్యం కావు. అందం కోసం చేయించుకునే శస్త్రచికిత్సను 1990 చట్టంతో బయటకు నెట్టారు. ప్రమాదంలోనో, పుట్టుకతోనో వచ్చిన వైకల్యాన్ని సరిచేస్తే మాత్రం చెల్లుతుంది. కొన్ని రాష్ట్రాల్లో వైద్యానికి గంజాయి వాడకం చట్టబద్ధమే అయినా ఫెడరల్ పన్ను శాఖ దాన్ని వైద్య ఖర్చుగా ఒప్పుకోదు.

చాలామంది పొరబడేది బీమా ప్రీమియం దగ్గర. ఆరోగ్య బీమా కూడా ఆరోగ్యం ఖర్చే కదా అనిపించడం సహజం. కానీ సాధారణ ప్రీమియాలను ఈ ఖాతా నుంచి కట్టకూడదు. ఉద్యోగం పోయాక పాత కంపెనీ బీమాను సొంత ఖర్చుతో కొనసాగించే కోబ్రా ప్రీమియం, నిరుద్యోగ భృతి అందుకుంటున్న కాలంలోని బీమా, పరిమితుల మేరకు దీర్ఘకాల సంరక్షణ బీమా, 65 ఏళ్లు దాటాక మెడికేర్ ప్రీమియం వంటివే మినహాయింపులు. ఉద్యోగం ఊడిన నెలల్లో కోబ్రాకు దొరికే వెసులుబాటు హెచ్-1బీ కుటుంబాలకు బాగా అక్కరకొచ్చేదే.

జాబితా పెరిగిన తీరు చూస్తే సమాజం ఆలోచన మారిన తీరు కనిపిస్తుంది. సిగరెట్ మానేందుకు చేయించుకునే చికిత్సను పన్ను శాఖ 1999లో వైద్యంగా ఒప్పుకుంది. ఊబకాయాన్ని 2002లో జబ్బుగా గుర్తించింది. పాలిచ్చే తల్లులు వాడే బ్రెస్ట్ పంపుకు 2011లో చోటు దొరికింది. నెలసరి ప్యాడ్లు 2020 దాకా ఆగాల్సి వచ్చింది. మాస్కులు, శానిటైజర్లు 2021లో, కండోమ్‌లు 2024లో చేరాయి. స్త్రీలు ప్రతినెలా కొనక తప్పని వస్తువు, చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి కంటే దశాబ్దాలు ఆలస్యంగా జాబితాకెక్కిందంటే, అది వైద్యశాస్త్రం చేసిన జాప్యం కాదు.

అమ్మానాన్నల బిల్లు

తెలుగులో పంటికీ, సర్కారు వసూలుకీ ఒకటే మాట. అమెరికా తెలుగువారికి ఆ రెండూ ఒకేచోట కలిసేది సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు. అక్కడ వేల డాలర్లయ్యే పంటి పని హైదరాబాద్‌లో ఎంతో చౌక. ఆ బిల్లు హెచ్ఎస్ఏ నుంచి కట్టవచ్చా? కట్టవచ్చు. చికిత్స ఏ దేశంలో జరిగిందన్నది ప్రశ్న కాదు. అది చట్టబద్ధమైన వైద్యమై, ఖాతాదారుకో, భార్యకో లేదా భర్తకో, పన్ను లెక్కల్లో ఆధారపడిన పిల్లలకో జరిగితే చాలు. డాక్టర్ రాసిన మందును ఇక్కడే కొని ఇక్కడే వాడినా, అది రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైతే చెల్లుతుంది. అయితే ఆరు నెలలకు సరిపడా మాత్రలు సూట్‌కేసులో సర్దుకుని వెళ్లేవారికి ఈ వెసులుబాటు లేదు. విదేశాల నుంచి తెచ్చిన మందులను పన్ను శాఖ సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. చెల్లెలి పెళ్లికి వచ్చి పనిలో పనిగా పన్ను కట్టించుకుంటే పంటి బిల్లు లెక్కలోకి వస్తుంది. విమానం టికెట్ రాదు.

అసలు చిక్కు తల్లిదండ్రుల దగ్గర. నాన్నకు బైపాస్, అమ్మకు మోకాలి మార్పిడి. బిల్లు కట్టేది అమెరికాలోని కొడుకో, కూతురో. ఖాతాలో చూస్తే వేల డాలర్లు ఊరికే ఉన్నాయి. ఆ డబ్బు 'ఆరోగ్యం' కోసం దాచిందే. కానీ భారత్‌లో నివసించే, అమెరికా పౌరసత్వం లేని తల్లిదండ్రులు అక్కడి పన్ను చట్టం దృష్టిలో ఆధారితులు కారు. ఆధారితులు కావాలంటే అమెరికా పౌరులో, అక్కడి నివాసులో అయి ఉండాలి. పొరుగునున్న కెనడా, మెక్సికో నివాసులకు మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. మెక్సికోలో ఉన్న తల్లిని ఆధారితురాలిగా చూపే వీలు ఒకరికి దొరకవచ్చు. మచిలీపట్నంలో ఉన్న తల్లిని చూపే వీలు మరొకరికి లేదు.

ఈ తేడా తెలియకుండా ఖాతా నుంచి డబ్బు తీసి పంపితే నష్టం చిన్నది కాదు. 22 శాతం పన్ను శ్లాబులో ఉన్న ఉద్యోగి 10,000 డాలర్లు తీశాడనుకుంటే, ఆదాయ పన్ను 2,200 డాలర్లు, జరిమానా 20 శాతం చొప్పున మరో 2,000 డాలర్లు. అంటే 4,200 డాలర్లు ఖజానాకే. 2011కు ముందు ఈ జరిమానా 10 శాతమే ఉండేది. ఒబామా ఆరోగ్య చట్టం దాన్ని రెట్టింపు చేసింది.

చుట్టపుచూపుగా అమెరికా వెళ్లే పెద్దవాళ్ల కోసం తీసుకునే విజిటర్ బీమా ప్రీమియానికీ ఈ సొమ్ము పనికిరాదు. తల్లిదండ్రులు గ్రీన్‌కార్డుతో అక్కడే ఉంటూ, వారి పోషణలో సగానికి పైగా బిడ్డలే భరిస్తుంటే పరిస్థితి వేరు. అప్పుడు వారు ఆధారితుల లెక్కలోకి రావచ్చు. పిల్లల విషయంలోనూ ఒక ఉచ్చు ఉంది. తల్లిదండ్రుల బీమాలో పిల్లలు 26 ఏళ్ల దాకా ఉండవచ్చు. కానీ ఉద్యోగంలో చేరి సొంతంగా పన్ను కడుతున్న 24 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రి ఖర్చును తండ్రి హెచ్ఎస్ఏ నుంచి కట్టకూడదు. బీమాకు ఆమె కుటుంబ సభ్యురాలే, పన్నుకు కాదు.

'కుటుంబం' అన్న మాటకు ప్రతి దేశం తన అర్థం తాను చెప్పుకుంటుంది. సింగపూర్ 1984లోనే మెడిసేవ్ పేరుతో నిర్బంధ వైద్య పొదుపు పెట్టింది. అక్కడ జీతంలోంచి తప్పనిసరిగా కోత పడుతుంది. ఏ చికిత్సకు ఎంత తీయాలో ప్రభుత్వమే పరిమితి పెడుతుంది. కానీ ఆ దేశంలో జరిగే చికిత్సకు తల్లిదండ్రుల బిల్లును బిడ్డల మెడిసేవ్ నుంచి కట్టవచ్చు. ముసలితనంలో తల్లిదండ్రులను చూసుకునేది బిడ్డలేనన్న లెక్కమీద ఆ పథకం నిలబడింది. భార్య, భర్త, చిన్నపిల్లలు ఉన్న ఇంటిని కుటుంబంగా ఊహించుకుని అమెరికా చట్టం రాసుకున్నారు.

రసీదుల పెట్టె

హెచ్ఎస్ఏలో డబ్బు తీసేటప్పుడు ఎవరూ ఆపరు. ఖర్చు అర్హమైనదా అని ఖాతా నిర్వహించే సంస్థ ఆరా తీయాల్సిన పనిలేదు. ఏడాది చివర 8889 నంబరు ఫారంలో ఎంత తీశారో, అందులో వైద్యానికి ఎంతో రాసేది ఖాతాదారే. తనిఖీ వస్తే రుజువు చూపాల్సిందీ ఆయనే. అందుకే రసీదే ఇక్కడ ఆయుధం.

బిల్లు కట్టిన ఏడాదే డబ్బు తీసుకోవాలన్న గడువు కూడా లేదు. ఖాతా తెరిచిన తర్వాత అయిన ఖర్చై ఉండాలి, బీమా నుంచి మరోసారి రాబట్టుకుని ఉండకూడదు, అంతే. 2026లో 600 డాలర్ల కళ్లజోడును జీతం డబ్బుతో కొని, రసీదు దాచి, 2041లో ఆ 600 డాలర్లు పన్ను లేకుండా తీసుకోవచ్చు. ఆ పదిహేనేళ్లూ సొమ్ము మ్యూచువల్ ఫండ్‌లో పెరుగుతూ ఉంటుంది. 65 ఏళ్లు దాటాక వైద్యేతర అవసరాలకు తీసినా జరిమానా ఉండదు, మామూలు ఆదాయ పన్ను కడితే చాలు. దీంతో వైద్యం కోసం పుట్టిన ఖాతా తెలివైన జీతగాళ్ల చేతిలో రెండో పింఛను ఖాతాగా మారింది.

ఈ ఆటకూ నియమాలున్నాయి. మెడికేర్‌లో చేరాక ఖాతాలో కొత్తగా డబ్బు వేయకూడదు. 65 తర్వాత ఆలస్యంగా చేరేవారికి మెడికేర్ ఆసుపత్రి భాగం ఆరు నెలల వరకు వెనక్కి వర్తిస్తుంది. ఆ నెలల్లో వేసిన సొమ్ము అదనపు జమ కింద తేలుతుంది. సరిదిద్దుకోకపోతే దానిపై ఏటా 6 శాతం సుంకం పడుతుంది. ఖాతాదారు మరణిస్తే భార్యకో, భర్తకో అది హెచ్ఎస్ఏగానే దక్కుతుంది. పిల్లలకు దక్కితే ఖాతా ముగిసి, మొత్తం సొమ్ము ఆ ఏడాది వారి ఆదాయమై పన్నుకు లోబడుతుంది.

రాయితీ ఉన్నచోట వ్యాపారం పుట్టకుండా ఉండదు. పోషకాహారం, విటమిన్లు, వ్యాయామ పరికరాలను కూడా హెచ్ఎస్ఏతో కొనవచ్చంటూ, ఆన్‌లైన్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే 'వైద్య అవసర లేఖ' ఇప్పిస్తామంటూ కొన్ని కంపెనీలు రంగంలోకి దిగాయి. సాధారణ ఆరోగ్యానికి చేసే ఖర్చు వైద్యం కిందకు రాదని పన్ను శాఖ 2024 మార్చిలో హెచ్చరిక జారీచేయాల్సి వచ్చింది. ఆయుర్వేద లేహ్యానికైనా, విటమిన్ మాత్రకైనా అదే గీటురాయి. డాక్టర్ నిర్ధారించిన ఫలానా జబ్బుకు చికిత్సగా సూచించి ఉంటేనే చెల్లుతుంది.

ఎవరి ఖాతా, ఎవరి లాభం

ఖాతాపై అసలు రాజకీయం ఇక్కడే మొదలవుతుంది. పన్ను రాయితీ విలువ పన్ను శ్లాబును బట్టి ఉంటుంది. 1,000 డాలర్లు వేస్తే 32 శాతం శ్లాబులో ఉన్నవారికి ఆదాయ పన్నులో 320 డాలర్లు మిగులుతాయి. 12 శాతం శ్లాబులో ఉంటే 120 డాలర్లే. ఆదాయ పన్ను కట్టేంత సంపాదనే లేనివారికి ఆ పద్దులో ఏమీ రాదు. పైగా చిన్న జీతగాడికి ఆ డిడక్టబుల్ ఉన్న బీమా ఉంటుంది కానీ ఖాతాలో వేయడానికి మిగులే ఉండదు. దాంతో ఖాతా లేకుండా డిడక్టబుల్ మాత్రమే మిగులుతుంది. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరకు వెళ్లాలా, రెండు రోజులు ఆగాలా అన్న లెక్క అక్కడ మొదలవుతుంది. ధర అడిగే తెలివైన వినియోగదారును తయారుచేస్తామన్న సిద్ధాంతం, వైద్యాన్ని వాయిదా వేసుకునే రోగిని కూడా తయారుచేస్తుందన్నది డెమొక్రాట్ల విమర్శ.

అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 జూలై 4న సంతకం చేసిన భారీ పన్ను చట్టం ఈ ఖాతాల తలుపులు మరింత తెరిచింది. ఒబామా చట్టం కింద అమ్మే చౌక 'బ్రాంజ్' బీమాలు, క్యాటస్ట్రాఫిక్ బీమాలు తీసుకున్నవారికి 2026 జనవరి 1 నుంచి అర్హత వచ్చింది. నెలవారీ రుసుముతో ఒకే డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకునే పద్ధతికి వ్యక్తికి 150 డాలర్లు, కుటుంబానికి 300 డాలర్ల పరిమితిలో అనుమతి దొరికింది. ప్రతినిధుల సభ బిల్లులో జిమ్ ఫీజుకు కూడా చోటిచ్చారు. సెనేట్‌కు వచ్చేసరికి అది ఎగిరిపోయింది. అందువల్ల గుండెపోటు వచ్చాక చికిత్స వైద్యం, రాకుండా ట్రెడ్‌మిల్ ఎక్కడం మాత్రం సొంత ఖర్చు అన్న పాత గీత అలాగే ఉంది.

2025 డిసెంబర్‌లో మరో అడుగు వేసే ప్రయత్నం జరిగింది. బీమా కంపెనీలకు వెళ్లే అదనపు సబ్సిడీ బదులు, అర్హులైన వారి ఖాతాల్లో వయసును బట్టి 1,000 లేదా 1,500 డాలర్లు ప్రభుత్వమే వేయాలని రిపబ్లికన్ సెనేటర్లు మైక్ క్రాపో, బిల్ క్యాసిడీ ప్రతిపాదించారు. సబ్సిడీలను కొనసాగించాలన్న డెమొక్రాట్ల ప్రతిపాదనలాగే అదీ 60 ఓట్లు దక్కక ఆగిపోయింది. డబ్బు రోగి చేతికివ్వాలా, బీమాకు కట్టాలా అన్న వాదన మాత్రం ఆగలేదు.

ఇక్కడి సంగతి

భారత్‌లో ఇలాంటి ఖాతా లేదు. ఉన్నది జేబు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశ వైద్య వ్యయంలో 64.2 శాతం ప్రజలు సొంతంగా పెట్టుకున్నదే. 2021-22కు అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గినా చిన్న భారం కాదు. పాత పన్ను విధానంలో కొనసాగుతున్నవారికి బీమా ప్రీమియంపై, బీమా లేని వృద్ధుల వైద్య ఖర్చుపై కొంత మినహాయింపు ఉంది. కొత్త విధానానికి మారినవారికి అదీ లేదు. అమెరికా ఖాతాతో కట్టకూడని ప్రీమియానికే ఇక్కడ ప్రధానంగా రాయితీ ఇవ్వడం ఒక తమాషా.

జాబితా రాజకీయం మాత్రం ఇక్కడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ జన ఆరోగ్య యోజన అయినా నడిచేది చికిత్సల జాబితాలతోనే. ఆసుపత్రిలో చేరితే లక్షల బిల్లుకు భరోసా ఉంటుంది. చక్కెర జబ్బుకు, రక్తపోటుకు ఇంటి దగ్గర వేసుకునే మాత్రల ఖర్చు కేంద్ర పథకం పరిధిలోకి రాదు. మాత్రలు మానేస్తే ఏదో ఒకనాడు ఆసుపత్రిలో చేరక తప్పదన్నది ఏ డాక్టరైనా చెప్పే మాట.

ఆరోగ్య పొదుపు ఖాతాల ఆలోచన భారత్‌కూ వస్తే ముందు తేల్చాల్సింది వడ్డీ రేటు గురించో, పన్ను శ్లాబు గురించో కాదు. ఆ సొమ్ముతో ఊళ్లో ఉన్న తల్లికి బీపీ మాత్రలు కొనవచ్చా లేదా అన్నది. జాబితాలో ఆ ఒక్క పంక్తి లేకపోతే, ఇక్కడి కుటుంబాలకు అది ఆరోగ్య ఖాతా కాదు. బాగా సంపాదించేవారికి దొరికిన మరో పన్ను రాయితీ మాత్రమే.